ముక్కన్న చెప్పిన వాసన

ఉప్పళం పేటలో స్టవ్ మంట ఎర్రగా వచ్చినా, రబ్బరు పైపు పగిలినా, హోటలుకు కొత్త గ్యాస్ లైను లాగాలన్నా జనం పురుషోత్తమన్ కొట్టుకే వస్తారు. కొట్టంటే ఏమంత లేదు. ఇంటి వసారాకు రేకు దించి, నాలుగు పాత బర్నర్లు వేలాడగట్టిన చోటు. తాతల నాడు నెల్లూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. తెలుగులో సంతకం పెట్టమంటే మాత్రం ఆయన నవ్వి ఊరుకుంటాడు. వయసు అరవై ఒకటి. ఆయన్ని పేరుతో పిలిచేవాళ్ళు ఆ వీధిలో వేళ్ళ మీద లెక్కపెట్టాలి. అందరికీ ఆయన ముక్కన్న.

ఆ పేరు పెట్టింది ఎదురింటి శివగామి. ఇడ్లీ మెస్సు నడుపుతుంది. ఇరవై ఏళ్ళ కిందట ఆమె వంటింట్లో ఎక్కడో గ్యాసు కారుతుంటే ఇద్దరు మెకానిక్కులు వచ్చి చూసి, ఏమీ లేదని చేతులు దులుపుకుని పోయారు. పురుషోత్తమన్ వచ్చి నేల మీద బోర్లా పడుకుని, చెంప నేలకు ఆనించి, కళ్ళు మూసుకుని ఒక్క దమ్ము పీల్చాడు. లేచి పోయి రుబ్బురోలు వెనక గోడలో ఒక జాయింటు మీద వేలు పెట్టాడు. అదీ చోటు. ఆనాటి నుంచి అదొక ఆనవాయితీ అయిపోయింది. పైపు బిగించాక ఆయన నేలకు చెంప ఆనించాలి, కళ్ళు మూయాలి, పీల్చాలి, లేచి "సరే" అనాలి. ఆ ఒక్క మాట పడితేనే ఇల్లాలు అగ్గిపుల్ల గీస్తుంది. సబ్బునీళ్ళు పూసి చూస్తానంటే ఎవరూ ఒప్పుకోరు. "సబ్బునీళ్ళు ఎవురైనా పూస్తారు, నీ ముక్కు ఎవురికి ఉండాదన్నా?" అంటారు.

ఆ ముక్కు పోయి మూడేళ్ళయింది.

జ్వరం వచ్చింది, పది రోజుల్లో తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. కాఫీ, మల్లెపూలు, మురుగు కాలవ, అన్నీ ఒకటే అయిపోయాయి. రేపు వస్తుందిలే, ఎల్లుండి వస్తుందిలే అనుకుంటూ ఆయన ఎవరికీ చెప్పలేదు. తర్వాత చెప్పడానికి నోరు రాలేదు. రుచి తెలియని వంటవాణ్ణి పెళ్ళికి ఎవరు పిలుస్తారు? అలాగని ఆయన మోసగాడు కాదు. ఆ మాట నేనే ఒప్పుకోను. ముక్కు పోయినప్పటి నుంచి పనిలో జాగ్రత్త ఇంకా పెరిగింది. తుడుస్తున్నట్టు నటిస్తూ బ్రష్షుతో ప్రతి జాయింటుకూ సబ్బునీళ్ళు పూసి, బుడగ లేస్తుందేమోనని కళ్ళు చికిలించి చూసేవాడు. నేల మీద పడుకోవడం ఆ తర్వాత, జనం కోసం. చెయ్యి అందని చోట మాత్రం ఎప్పుడైనా ఒక జాయింటు తప్పిపోయేది. ఏం కాలేదు. మూడేళ్ళు ఏమీ కాలేదు, ఆయన కొంప ముంచింది అదే.

పెద్ద బజారులో బట్టల కొట్టు నడిపే రాఘవన్ ఈ మధ్య ఒక కారవాన్ కొన్నాడు. లోపలే పడకలు, వంట పొయ్యి, ఫ్రిజ్జు, వేణ్ణీళ్ళ గీజరు ఉన్న పొడుగాటి వ్యాను. బెంగుళూరులో ఎవరో ముచ్చటపడి చేయించుకుని, మోజు తీరాక అమ్మేశారు. టూరిస్టులకు అద్దెకు తిప్పుదామని రాఘవన్ ఆలోచన. పొయ్యికీ ఫ్రిజ్జుకీ గీజరుకీ అన్నిటికీ వెనక పెట్టెలో ఉన్న ఒక్క ప్రొపేన్ గ్యాసు సిలిండరే ఆధారం. రాఘవన్ తల్లి మంగళం, ఎనభై ఏళ్ళ మనిషి, దానికి ఇల్లుబండి అని పేరు పెట్టింది. ఇల్లు అన్నాక గృహప్రవేశం లేకుండా ఎట్లా అని కూడా ఆమే అన్నది. కాబట్టి తమిళుల ఆవణి నెలలో ఒక శుక్రవారం పూట, వీరాంపట్టినం అమ్మవారి గుడి దగ్గర బండి నిలిపి, కోడలు ప్రేమ వెలిగించిన దీపంతో కుడికాలు పెట్టి లోపలికి పోవాలి, బండిలో ఉన్న పొయ్యి మీద పాలు పొంగించాలి. పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. అందుకని పదిన్నర లోపల ఇల్లు కదిలి, సముద్రం ఒడ్డున కాచుకుని, పన్నెండు దాటాక పని మొదలుపెట్టాలని నిర్ణయం.

ఆ ముందు వారమే పురుషోత్తమన్ బండికి రబ్బరు పైపు మార్చాడు, కొత్త రెగ్యులేటర్ బిగించాడు, జాయింట్లన్నిటికీ సబ్బునీళ్ళు పూశాడు. ఫ్రిజ్జు వెనక జాయింటుతో సహా. అప్పుడు అంతా బాగానే ఉంది. ఆ తర్వాత రాఘవన్ బండిని బాహూరు తీసుకుపోయి చెల్లెలి ఇంట్లో చూపించి వచ్చాడు. గుంతల రోడ్డు. ఇంట్లో గోడకు కొట్టిన పైపు ఒకసారి బిగిస్తే పదేళ్ళు కదలదు. బండిలో పైపు బండితో పాటు ఎగురుతుంది. పురుషోత్తమన్ జీవితమంతా గోడల దగ్గర పనిచేసినవాడు.

శుక్రవారం పది గంటలకు చివరిసారి చూసి పోవడానికి ఆయన వెళ్ళేసరికి బండికి బంతిపూల దండలు, అద్దానికి చందనం బొట్లు, చక్రాల కింద నిమ్మకాయలు. లోపల నేలంతా రాఘవన్ కొత్తగా వేయించిన ఎర్ర తివాచీ. మంగళం అప్పుడే కింది పడక మీద సర్దుకుని కూర్చుంది. ప్రేమ తెల్లటి చిన్న పెట్టె ఒకటి ఆయన చేతిలో పెట్టింది. పడక పక్కన నేలకు జానెడు ఎత్తులో ఉండాల్సిన గ్యాస్ అలారం.

"అన్నా, ఇది పాడైనట్టు ఉండాది. నిన్న సాయంత్రం సాంబ్రాణి వేస్తే కుయ్యోమని ఒకటే అరుపు. మళ్ళా తెల్లారుజామున అరిచింది. మంచి పని పెట్టుకుని ఈ ఏడుపేందని పెరికేసినాం. తీరిగ్గా చూసి పెట్టు."

"పొగ పడితే అట్లనే అరుస్తాదిలే అమ్మా" అని ఆయన దాన్ని సంచిలో వేసుకున్నాడు.

మంగళం మెల్లగా అడిగింది. "పురుషోత్తమా, నాకేందో కుళ్ళిన కోసుగడ్డ వాసన వస్తా ఉండాది నాయనా. ఇదో, ఈ నేల కాడ. మీకెవురికీ రాలేదా?"

కుళ్ళిన క్యాబేజీ వాసన అనగానే అందరూ ఒక్కసారి పురుషోత్తమన్ ముక్కు వైపు చూశారు. ఆ చూపులు ఆయనకు కొత్త కాదు. రాఘవన్ వాచీ చూసుకున్నాడు. పదీ ఐదు. "ముక్కన్నా, సీక్రం చూడు. పదిన్నర కొడితే ఈ దినం కదలలేం."

బాహూరు పోయి వచ్చాక ఫ్రిజ్జు వెనక జాయింటు మళ్ళీ చూడలేదన్న సంగతి ఆయనకు గుర్తుంది. చూడాలంటే ఎనిమిది మరలు విప్పి చెక్క తీయాలి. అరగంట పని. రాహుకాలం వచ్చేస్తుంది, రాఘవన్ మండిపడతాడు, అయినా తీయాలి. తీయాలని ఆయనకు తెలుసు. తెలిసి కూడా మోకాళ్ళ మీద కూర్చుని, ఎర్ర తివాచీకి చెంప ఆనించి, కళ్ళు మూసుకుని ఒక్క దమ్ము పీల్చాడు. ఏమీ రాలేదు. మూడేళ్ళుగా ఏమీ రానట్టే, ఇప్పుడూ రాలేదు.

"కొత్త తివాచీ కింద పూసిన గమ్ము వాసన పెద్దమ్మా" అన్నాడు లేస్తూ. "నాలుగు దినాలు అట్లనే ఉంటాది. సరే, బయల్దేరండి."

"అంతేనా? నువ్వు చెప్తే సరే నాయనా" అంది మంగళం, నిశ్చింతగా వెనక్కి వాలుతూ.

రాత్రంతా ఫ్రిజ్జు కోసం తెరిచి ఉంచి పొద్దున కట్టేసిన సిలిండర్ వాల్వును, పాలు పొంగించేటప్పుడు వెతుక్కోకుండా మళ్ళీ తిప్పి ఉంచమన్నాడు రాఘవన్. పురుషోత్తమన్ తన చేత్తోనే తిప్పాడు. తాంబూలం తీసుకున్నాడు. పదీ ఇరవైకి బండి కదిలింది. ఆయన చెయ్యి ఊపాడు కూడా.

ఇంటికి వచ్చి కాసేపు కూర్చున్నాడు. మనసు కుదురుగా లేదు. గమ్ము అన్న మాట ఆయన నోటి నుంచి ఎంత సులువుగా వచ్చిందో అదే గొంతులో ముల్లులా ఉంది. చేతికి పని ఉంటే ఆలోచన పోతుందని సంచిలో నుంచి అలారం పెట్టె తీసి, కొట్టులో ఉన్న పాత కారు బ్యాటరీకి తగిలించాడు. పచ్చ దీపం వెలిగింది. శుక్రవారం కదా, భార్య చెంగమ్మ సాంబ్రాణి పొగ వేస్తూ వసారాలోకి వచ్చింది.

"ఇట్ల రా. ఆ పొగ దీని మీద పట్టు" అన్నాడు.

చెంగమ్మ ధూపం గిన్నె దగ్గరగా పెట్టింది. పొగలో పెట్టె కనబడకుండా పోయింది. పెట్టె మాత్రం నోరు విప్పలేదు. ఆయన నోటితో ఊది మరీ పొగ లోపలికి పంపాడు. ఉలుకూ పలుకూ లేదు. పాడైందేమో అనుకుని గిన్నెను దూరంగా పంపించి, సిగరెట్ లైటరు తీసి, చక్రం తిప్పకుండా మీట మాత్రం నొక్కి, మంట లేని గ్యాసును పెట్టె ముందు వదిలాడు. రెండు సెకన్లు. పెట్టె వీధి అదిరేలా అరిచింది.

ఆయన దాన్ని ఆపి, మళ్ళీ సాంబ్రాణి పట్టించాడు. మౌనం. మళ్ళీ లైటరు. అరుపు.

పెట్టె బాగానే ఉంది. సాంబ్రాణికి అది అరవదు. అయినా నిన్న సాయంత్రం అరిచింది. సాయంత్రమంటే సాంబ్రాణి ఉంది, అనుకోవచ్చు. తెల్లారుజామున సాంబ్రాణి ఎవరు వేశారు?

కోసుగడ్డ. పెద్దమ్మ సరిగ్గానే చెప్పింది. ప్రొపేన్ గాలి కంటే బరువు. పొగలా పైకి పోదు, నీళ్ళలా నేల మీద పరుచుకుని పల్లం వెతుక్కుంటుంది. బండిలో పల్లమంటే మంగళం పడుకున్న కింది పడక. వాల్వు తిప్పి పెట్టింది తను. ఒడ్డున ఇసుక ఎగురుతుందని కిటికీలన్నీ మూసి ఉంటారు. పన్నెండు దాటగానే వెలిగించిన దీపంతో ఆ ఇంటి కోడలు అందులో అడుగు పెడుతుంది.

గోడ గడియారంలో పదకొండూ ఇరవై ఐదు.

రాఘవన్‌కు ఫోను చేశాడు. స్విచాఫ్. మంచి పని మొదలుపెట్టే పూట ఫోను మూసి జేబులో వేసుకోవడం రాఘవన్ అలవాటు. మళ్ళీ చేశాడు. ప్రేమ నంబరు ఆయన దగ్గర లేదు. ఇంకెవరి నంబరూ లేదు. మోపెడ్ బయటికి లాగి, వెనక్కి తిరిగి చూశాడు.

"చెంగమ్మా, నువ్వూ రావాల."

"నేనెందుకు? ఏమైందయ్యా?"

"రాఘవన్ బండిలో గ్యాసు కారతా ఉండాది. నాకు... నాకు నీ ముక్కు కావాల."

చెంగమ్మ ఆయన మొహం వైపు ఒక క్షణం చూసింది. ధూపం గిన్నె అరుగు మీద పెట్టి, కొంగు నడుముకు దోపి వెనక ఎక్కింది. కడలూరు రోడ్డు ఎక్కే లోపల ఆయన చెప్పింది చెప్పినట్టు ఫైరు స్టేషనుకు ఫోను చేసి చెప్పింది. బయల్దేరుతున్నాం అన్నారు.

"పోయిన ఏడాది పులిసిపోయిన సాంబారు రెండు గరిటెలు ఎక్కువేయించుకుని తింటివే" అంది ఫోను మూసి, ఆయన చెవి దగ్గరగా. "ఆ దినమే తెలుసు నాకు."

ఆయనకు కోపం ముంచుకొచ్చింది. "తెలిసి ఊరుకుంటివా? ఒక్క మాట అనొచ్చు గదా?"

"అంటే ఒప్పుకొని ఉందువా?"

ఆయన మోపెడ్‌ను ఇంకా వేగంగా తోలాడు. ఒప్పుకునేవాడు కాడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

అరియాంకుప్పం వంతెన మీద బస్సు ఒకటి చెడిపోయి అడ్డంగా నిలిచింది. వెనక లారీలు, కార్లు, ఆటోలు, అన్నీ ఒకేసారి హారన్ కొడుతున్నాయి. పదకొండూ నలభై రెండు. పురుషోత్తమన్ దిగి మోపెడ్‌ను రెండు లారీల సందులో తోసుకుంటూ పోయాడు. అద్దం ఒకటి విరిగింది. ఎవడో బూతు తిట్టాడు. చెంగమ్మ ముందు నడుస్తూ, "దారి ఇయ్యండి, మనిషి ప్రాణం" అని తమిళంలో అరుస్తూ జనాన్ని తప్పించింది. వంతెన దాటేసరికి పదకొండూ యాభై మూడు. ఆయన చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. అమ్మా, నా పరువు పోతే పోనీ, ఆ కోడలి చేతిలో దీపం ఇంకో పది నిమిషాలు వెలగనీకు, అని వీరాంపట్టినం అమ్మవారిని దారంతా వేడుకుంటూ పోయాడు.

గుడి దాటి ఇసుకలోకి వచ్చేసరికి మోపెడ్ చక్రం దిగబడింది. అక్కడి నుంచి ఇల్లుబండి కనిపిస్తూనే ఉంది. బంతిపూల దండలు గాలికి తెగి ఎగురుతున్నాయి. బండి పక్కన పది పన్నెండు మంది చుట్టాలు. తలుపు మెట్టు కింద ప్రేమ, చేతిలో కామాక్షి దీపం. గాలికి దీపం రెండుసార్లు ఆరిపోయిందని, ఇదేం శకునమో అని ఆడవాళ్ళు గుసగుసలాడుతున్నారు. రాఘవన్ తన ఉత్తరీయం విప్పి గాలికి అడ్డంగా పట్టుకున్నాడు. మూడో పుల్ల గీశారు. ఒత్తి అంటుకుంది.

"టైము పన్నెండూ నాలుగు. పోమ్మా, కుడికాలు పెట్టు" అన్నాడు రాఘవన్, ఒక చేత్తో తలుపు లాగుతూ.

"ఆపండి!" పురుషోత్తమన్ మోపెడ్‌ను ఇసుకలో పడేసి పరుగెత్తాడు. "దీపం ఆర్పేయండి! ఆర్పేయండి!"

గృహప్రవేశం చేస్తున్న ఇంటి ముందు నిలబడి దీపం ఆర్పమన్నవాణ్ణి ఎవరైనా ఎలా చూస్తారో, అందరూ ఆయన్ని అలాగే చూశారు. ఒక ముసలామె చెవులు మూసుకుంది. రాఘవన్ మొహం నల్లబడింది.

"ముక్కన్నా! నోట్లో మంచి మాటే లేదా నీకు?"

"లోపల గ్యాసు నిండి ఉండాది రాఘవా. దీపం దూరం పంపించు ముందు."

"రెండు గంటల ముందు నేల మీద పడుకుని చూసి, గమ్ము అంటివే? సరే అంటివే? ఇప్పుడు గ్యాసు ఎట్ల వచ్చె?"

"అవునన్నా" అంది ప్రేమ. ఆమె కుడికాలు అప్పటికే మెట్టు మీద ఉంది. తెరిచిన తలుపులో నుంచి చల్లగా ఏదో ఆమె పాదాల మీదికి దిగుతోంది. ముక్కు ఎగబీల్చి, ఆయనకు ధైర్యం చెప్పబోయినట్టు నవ్వింది. "నాకూ వస్తా ఉండాది. నువ్వు చెప్పిన గమ్ము వాసనే అన్నా. పొద్దున్నించీ అదే."

ఆ మాట పురుషోత్తమన్‌కు ఎక్కడ తగిలిందో ఎలా చెప్పను! ఆ పిల్ల ముక్కు బాగానే ఉంది. ఆ పెద్దమ్మ ముక్కు బాగానే ఉంది. దేవుడిచ్చిన ముక్కులు అందరికీ బాగానే పనిచేస్తున్నాయి. ఆయన ఒక్క మాట అని వాటన్నిటినీ మూసేశాడు. ఇప్పుడే వాసన వచ్చిందని ఇంకో అబద్ధం ఆడితే పని జరుగుతుంది, పేరూ మిగులుతుంది. ఆ ఆలోచన ఒక్క క్షణం రాకపోలేదు. కానీ ప్రేమ నవ్వు చూశాక నోరు దానికి తిరగలేదు.

"అది గమ్ము కాదు తల్లీ!" గట్టిగా అరిచాడు. "నాకు వాసనే తెలీదు! మూడేళ్ళాయె, నా ముక్కు చచ్చిపోయి మూడేళ్ళాయె! పెద్దమ్మ చెప్పింది నిజం. నేను నోటికొచ్చింది చెప్పినాను. దీపం ఆర్పు తల్లీ!"

ప్రేమ కాలు వెనక్కి తీసింది. తలుపుకు వీపు తిప్పి నాలుగు అడుగులు ఇసుకలోకి నడిచి, రెండు వేళ్ళతో ఒత్తిని నలిపేసింది. వేళ్ళు కాలిన సంగతి ఆమెకు సాయంత్రం దాకా తెలియలేదు.

"అమ్మా!" రాఘవన్ గొంతు మారిపోయింది. "అమ్మ లోపల ఉండాది! ఎండకు తట్టుకోలేదని పడుకోబెట్టినాం!" అంటూ బండిలోకి దూకబోతే పురుషోత్తమన్ భుజం పట్టి ఆపాడు.

"పో. ఏ స్విచ్చీ ముట్టద్దు. లైటు వేయద్దు, తిరిగే ఫ్యాను ఆపద్దు. ఎత్తుకుని వచ్చేయ్, అంతే. మిగిలినోళ్ళు గుడి పక్కకు పొండి. అగ్గిపెట్టెలు, కర్పూరం, అన్నీ తీసుకుని పొండి."

ఆయన వెనక పెట్టె తెరిచి సిలిండర్ వాల్వు కట్టేశాడు. తొందరలో మొదటిసారి తప్పు వైపు తిప్పాడు. రెండోసారి సరిగ్గా తిప్పి, ఇక తిరగనంత వరకు బిగించాడు. చెంగమ్మ తలుపు దగ్గర నిలబడి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. "అబ్బా, కుళ్ళిన కోసుగడ్డే. కడుపులో తిప్పతా ఉండాది."

రాఘవన్ తల్లిని రెండు చేతుల మీద మోసుకుని బయటికి వచ్చాడు. మంగళం తల ఒక పక్కకు వాలి ఉంది. ఇసుక మీద పడుకోబెట్టి ప్రేమ విసనకర్రతో విసిరింది. పురుషోత్తమన్‌కు ఆ ముసలి పాదాలు మాత్రమే కనిపించాయి. పసుపు రాసిన పాదాలు, కదలడం లేదు. కదలండి, కదలండి అని లోపల్లోపల మొరపెట్టుకున్నాడు. ఏడవడానికి కూడా ఆయనకు హక్కు లేదనిపించింది. సముద్రపు గాలి గట్టిగా ఒకసారి కొట్టింది. మంగళం దగ్గి, పక్కకు తిరిగి వాంతి చేసుకుంది. కాళ్ళు ముడుచుకుంది. "తల పగిలిపోతా ఉండాది. నీళ్ళు" అంది.

అప్పుడు ప్రేమ ఏడ్చింది.

కిటికీలూ తలుపులూ తెరిచి, బండి చాలాసేపు గాలికి ఆరాక, ఫైరు వాళ్ళు వచ్చి మీటరుతో చూసి లోపలికి పోవచ్చన్నాక, పురుషోత్తమన్ ఎర్ర తివాచీ మూల పట్టుకుని లాగాడు. కింద నేలలో అరచేయంత ఇనుప జాలీ ఉంది. గ్యాసు కారితే కిందికి జారి బయటికి పోవడానికి, బండి చేసినవాడు బుద్ధిగా పెట్టిన జాలీ. అందంగా ఉంటుందని రాఘవన్ దాని మీద తివాచీ పరిచి గమ్ముతో అతికించాడు. పొద్దున పురుషోత్తమన్ చెంప ఆనించింది సరిగ్గా దాని పక్కనే. ఫ్రిజ్జు పక్క చెక్కకున్న ఎనిమిది మరలూ విప్పాడు. వాల్వు ఒక్క క్షణం తెరిపించి, జాయింటుకు సబ్బునీళ్ళు పూశాడు. బుడగ గోలీ అంత ఉబ్బి పగిలింది. వెంటనే ఇంకొకటి లేచింది. అర చుట్టు వదులు, అంతే. బాహూరు రోడ్డు చేసిన పని. స్పానరుతో బిగించడానికి ఆయనకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

ఆ రోజు పాలు పొంగించలేదు. పాలగిన్నె అలాగే చుట్టాల కారులో వెనక్కి పోయింది. మంగళం గుడి అరుగు మీద నీడన కూర్చుని పురుషోత్తమన్‌ను దగ్గరికి పిలిచింది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండేది.

"నా ముక్కు నాకు సరిగ్గానే చెప్పింది నాయనా" అంది. "బండిలో పడుకున్నంత సేపూ చెప్తానే ఉండాది. పురుషోత్తమన్ చెప్పినాడు గదా, నీకేం తెలుసు అని నేనే దాని నోరు మూసినాను."

ఆయన వంగి ఆమె పాదాలు ముట్టుకున్నాడు. రాఘవన్ కాస్త దూరంలో నిలబడి సముద్రం వైపు చూస్తున్నాడు. ఆయన వైపు తిరగకుండానే అడిగాడు.

"ఈ మూడేళ్ళల్లో ఎన్ని ఇండ్లలో సరే అని చెప్పినావన్నా?"

తిరిగి వచ్చేటప్పుడు మోపెడ్ మెల్లగా నడిచింది. పురుషోత్తమన్ నోట్లో ఇళ్ళ పేర్లు ఒకదాని వెంట ఒకటి తిరుగుతూనే ఉన్నాయి. చాలా చోట్ల సబ్బునీళ్ళు పూశాడు, అది నిజం. కొన్ని చోట్ల చెయ్యి అందలేదు, అదీ నిజం. ఎక్కడ అందిందో ఎక్కడ అందలేదో అన్నీ గుర్తు లేవు. ఒకటి మాత్రం బాగా గుర్తుంది. ఇంటి ముందు దిగి, తన తలుపు తెరవకుండా, వీధి దాటి శివగామి మెస్సులోకి నడిచాడు. చెంగమ్మ కూడా వెనకే వచ్చింది.

నాలుగు గంటలు. శివగామి సాయంత్రం సాంబారుకు పప్పు ఎక్కించి ఉంది. ఆయన్ని చూసి ఎప్పటిలాగే నవ్వింది. "ఏం ముక్కన్నా, ఈ వేళప్పుడు? ముక్కు పెట్టడానికి వచ్చినావా?"

"పొయ్యి ఆపు శివగామీ. ఒక చెంబులో సబ్బునీళ్ళు కలిపి ఇయ్యి."

"సబ్బునీళ్ళు నీకెందుకు?"

"నాకు వాసన రాదు. మూడేళ్ళయింది" అన్నాడు. మధ్యాహ్నం అరిచి చెప్పిన మాట ఇప్పుడు మామూలుగానే వచ్చింది. "పోయిన నెల నీ లైను మార్చి సరే అన్నాను గదా. రుబ్బురోలు వెనక నాకు చెయ్యి అందలేదు. ఉత్త నేల మీద పడుకుని లేచి అన్నాను."

శివగామి నవ్వు ఆగిపోయింది. తమాషా చేస్తున్నాడేమోనని చెంగమ్మ మొహం చూసింది. తర్వాత పొయ్యి ఆపి, చెంబులో సబ్బు నురగ కలిపి తెచ్చి ఇచ్చింది. ముగ్గురూ కలిసి రుబ్బురోలును పక్కకు జరిపారు. ఇరవై ఏళ్ళ కిందట ఆయన వేలు పెట్టి చూపించిన చోటే. పురుషోత్తమన్ మోకాళ్ళ మీద కూర్చుని బ్రష్షు ముంచి పూశాడు. మొదటి జాయింటు మీద ఏమీ లేదు. రెండో దాని మీద ఏమీ లేదు. మూడో దాని మీద నురగ కాసేపు ఊరికే నిలిచింది. తర్వాత దాని అంచున ఆవగింజంత బుడగ ఒకటి లేచి, నిదానంగా పెద్దదవడం మొదలుపెట్టింది.

చెంగమ్మ వంగి వాసన చూసింది. "వస్తా ఉండాదయ్యా" అంది.

పురుషోత్తమన్ సిలిండర్ కట్టేసి, స్పానరు తీశాడు.